కొండ అడ్డముందని చెప్పిన కాగితం

ఒమన్ నుంచి వచ్చి నెల కావస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒక్కరైనా అక్కడ నేనేం పని చేశానని అడగలేదు. బంగారం తులం ఎంత, టేప్ రికార్డర్ ఎంత, సెంటు సీసాలు తెచ్చావా, ఇవే ప్రశ్నలు. మా బావమరిది ఒక్కడు మాత్రం, "మూడు నెలలకని వెళ్లి ఐదు వారాలకే వచ్చేశావేం బావా?" అన్నాడు. కాఫీ చల్లారేలోపు చెప్పగలిగే జవాబు కాదది. అందుకని రాస్తున్నాను.

హైదరాబాద్‌లో నాది వైర్‌లెస్ కొలతల ఉద్యోగం. ఒకరి సెట్టులో ఇంకొకరి మాటలు దూరుతున్నాయని ఫిర్యాదు వస్తే, మీటరూ ఏరియలూ జీపులో వేసుకుని వెళ్లి, ఆ మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఒమన్ ప్రభుత్వానికి సలహాలిచ్చే ఒక ఇంగ్లిషు కంపెనీకి అలాంటి మనిషి అవసరం పడింది. బొంబాయిలో ఇంటర్వ్యూ చేశారు, నాచేత సెలవు పెట్టించారు, చేతికో మీటరిచ్చి విమానం ఎక్కించారు.

సీబ్

మే నెల. బెజవాడ ఎండలో పుట్టినవాణ్ణి, ఈ ఎండ నన్నేం చేస్తుందిలే అనుకుంటూ మస్కట్ పక్కనున్న సీబ్‌లో విమానం దిగాను. మెట్ల పక్కనున్న ఇనప కడ్డీ పట్టుకున్నాను. వెంటనే వదిలేశాను. అరచేతి మీద ఎర్రటి గీత రెండు రోజులుంది.

కస్టమ్స్ దగ్గర నడుముకు వంకీకత్తి పెట్టుకున్న పెద్దమనిషి నా మీటరు తెరిపించి, "ఏమిటిది?" అన్నాడు.

"రేడియో లాంటిదే" అన్నాను.

"పాటలు వస్తాయా?"

"రావు."

"వార్తలు?"

"అవీ రావు. సూది కదులుతుంది, అంతే."

ఇంత బరువు మోసుకొచ్చింది సూది కదలడం చూడ్డానికా అన్నట్టు నావంక జాలిగా చూశాడు. అంత న్యాయమైన చూపు ఆ తర్వాత ఆ దేశంలో నా వృత్తి మీద ఇంకెవరూ చూడలేదు. తర్వాత మాగాయ జాడీ మూత తీశాడు. నన్ను తినమన్నాడు. తిన్నాను. తనూ వేలితో తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు. కళ్ల వెంట నీళ్లొచ్చాయి. మాట రాక చెయ్యి ఊపేశాడు. నా వెనకున్న మలయాళీలందరూ పెట్టెలు తెరవకుండానే బయటపడ్డారు.

రువీ

మస్కట్ అంటే పాత కోటలు, సముద్రం. అవి చూడాలంటే కొండ దాటి వెళ్లాలి. ఆఫీసులన్నీ రువీలో ఉన్నాయి. రువీలో ఉన్నది సిమెంటు, సిమెంటు లారీలు, కట్టబోయే మేడల ఇనప చువ్వలు. హోటల్లో దోసె అడిగితే అట్టముక్క మందాన తెచ్చి పెట్టారు. సాంబారులో కొబ్బరి, చట్నీలో కొబ్బరి, చివరికి పొరపాటున కాఫీలో కూడా వేస్తారేమోనని భయం వేసింది. ఆ పూట భోజనం అర రియాల్, అంటే మన పన్నెండు రూపాయలు. హైదరాబాద్‌లో ఆ డబ్బుతో నాలుగు రోజులు తినొచ్చు, అదీ అప్పడంతో.

ఆఫీసులో మా పెద్ద పేరు కాలిన్. ముప్పై ఏళ్లుంటాయో లేదో. తెల్ల నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు. అతని గది మధ్యలో బల్ల మీద, రెండంచులా చిల్లులున్న అచ్చుకాగితాల దొంతర మోకాలెత్తున ఉంది. ఆ కాగితాలు ఉబ్బకుండా గదిలో రెండు ఏసీలు. మేం కూర్చునే చోట ఒక ఫ్యాను.

ఇక్కడ పని సంగతి కాస్త చెప్పాలి. గాలిలో ఫ్రీక్వెన్సీలకు లోటేమిటనిపిస్తుంది గాని, పనికొచ్చేవి కొన్నే. చమురువాళ్లకు కావాలి, పోలీసులకు కావాలి, రోడ్లు వేసేవాళ్లకు, ఆస్పత్రులకు కావాలి. అందుకని ఒకే ఫ్రీక్వెన్సీని ఇద్దరికి పంచుతారు. షరతొక్కటే: ఒకరి మాట ఇంకొకరికి వినిపించకూడదు. మధ్యలో చాలినంత దూరమైనా ఉండాలి, కొండైనా ఉండాలి. వినిపిస్తుందో లేదో ముందే లెక్కగట్టడానికి లండన్‌లో ఒక కంప్యూటర్ ఉంది. పటం మీద ఇన్ని మైళ్లకోసారి నేల ఎత్తు చదివి, అట్టముక్కలకు చిల్లులు పొడిచి దానికి అందిస్తారు. ఏ ఊరి సెట్టు ఏ ఊళ్లో ఎంత గట్టిగా పలుకుతుందో అది అంకెల్లో అచ్చువేసి ఇస్తుంది. మేం పెన్సిలుతో వారం రోజులు చేసే లెక్క దానికి కొన్ని నిమిషాల పని. యంత్రం మీద నాకు కోపమేమీ లేదు. దాని చుట్టూ చేరినవాళ్ల సంగతి వేరు.

"ఈ కంప్యూటర్ ఒమన్ మొత్తం చూసేసింది" అన్నాడు కాలిన్, దొంతర మీద అరచెయ్యి ఆనించి.

"మీరెంతవరకు చూశారు?" అన్నాను.

"సీబ్ నుంచి ఇక్కడిదాకా. అవసరం పడలేదు."

వచ్చి ఐదు నెలలైందట.

రెండో రోజు ఫిర్యాదుల ఫైలు నా ముందు పడేశాడు. పైన ఉన్నది ఇబ్రా ఆరోగ్యకేంద్రం నుంచి. ఇబ్రా మస్కట్‌కు దక్షిణంగా, కొండల అవతలుంది. చేతిరాత ఇంగ్లిషు: ప్రతి సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మా సెట్టులో లారీవాళ్లు మాట్లాడుతున్నారు, పల్లె డిస్పెన్సరీ మాట మాకు వినబడటం లేదు, దయచేసి తగు చర్య తీసుకోగలరు. కింద స్టాఫ్ నర్సు అని ఉంది. సంతకం చదవలేని గిలుకుడు. ఆ చివరి వాక్యం కాలిన్ గట్టిగా చదివి నవ్వాడు. నేనూ నవ్వాను. పద్దెనిమిదేళ్లుగా నేను రాసిన ప్రతి ఉత్తరం ఆ వాక్యంతోనే ముగుస్తుందని మాత్రం చెప్పలేదు.

ఆ ఫ్రీక్వెన్సీ పంచుకున్న రెండోవాళ్లు కొండల ఇవతలున్న ఒక రోడ్డు కంపెనీ. కాగితంలో చూశాం. రెంటి మధ్యా కొండ. అంతరాయం సున్నా.

"నువ్వే జవాబు రాయి, నీ ఇంగ్లిషు చూద్దాం" అన్నాడు కాలిన్.

రాశాను. మధ్యలో కొండలు అడ్డంగా ఉన్నందున మీరు చెప్పిన అంతరాయం అసాధ్యం, సెట్టు వాడే మనిషికి శిక్షణ ఇప్పించడం మంచిది, అని. అచ్చంగా దొరల భాష. కాలిన్ మెచ్చుకుని, కంపెనీ తరఫున నన్నే సంతకం చెయ్యమన్నాడు. ఆ పూట నా మీద నాకు ఎంత గౌరవమో! రోడ్డు కంపెనీది కూడా ఏదో ఫిర్యాదుంటే, పూర్తిగా చదవకుండానే అదే జవాబు టైపు చేయించి పంపేశాను.

ఫంజా దారిలో

రెండు వారాలకు నన్ను మీటరుతో బయటికి పంపారు. ఆరు చోట్ల కొలిచి, కాగితంలోని అంకెలతో సరిపోయాయని రాసుకు రావాలి. "సరిపోకపోతే?" అన్నాను. "ముందు నీ మీటరు సరిచూసుకో" అన్నాడు కాలిన్.

ల్యాండ్‌రోవర్ డ్రైవరు ఖాజా హుస్సేన్‌ది ప్రొద్దుటూరు. ఏడేళ్లుగా ఆ కొండల్లో బండి తోలుతున్నాడు. ఇంట్లో దక్కనీ, నాతో కడప తెలుగు, పోలీసులతో అరబ్బీ, ఇంజనుతో ఉర్దూ తిట్లు.

ఫంజాలో ఖర్జూరపు తోటల పక్కన ఒక ముసలాయన దుకాణంలో ఆగాం. చాప పరిచి, ఖర్జూరాలు పెట్టి, చిన్న చిన్న పింగాణీ గిన్నెల్లో యాలకుల కాఫీ పోశాడు. పాలు లేవు, చక్కెర లేదు. తాగాను. మళ్లీ పోశాడు. మర్యాద కాదని తాగాను. మళ్లీ పోశాడు. ఏడో గిన్నెకు చెమటలు పట్టి ఖాజా వైపు చూశాను.

"చాలనుకుంటే గిన్నె ఇట్ల ఊపియ్యాల సార్. ఊపకపోతే ఆయప్ప పోస్తానే ఉంటాడు."

"ముందే చెప్పకూడదా?"

"మీకు ఇష్టమేమో అనుకున్యా."

మనింట్లో అతిథి వద్దు వద్దంటుంటే బలవంతాన వడ్డిస్తాం. అక్కడ నోరు మెదపకుండా గిన్నె ఆడిస్తే వదిలేస్తారు. మనకంటే వాళ్లే నయం. నేను ఇండియావాణ్ణని తెలిసి ముసలాయన సబ్బు ధర రూపాయల్లో చెప్పాడు. అక్కడ మన రూపాయి పోయి రియాల్ వచ్చి ఎంతో కాలం కాలేదు. ఆయన మనసులో ఇంకా రూపాయే నడుస్తోంది.

మళ్లీ బండెక్కాక పటం ఒళ్లో పరుచుకున్నాను. కొండల గోధుమరంగు మధ్యలో ఒకచోట తెల్లటి మరక.

"ఈ తెల్లగా ఉండేదేంది సార్?" అన్నాడు ఖాజా తొంగిచూసి.

"అక్కడ నేల ఎత్తు కొలవలేదని అర్థం."

"మనం ఇప్పుడు పోతాండేది దాంట్లోనే గదా."

తలెత్తి చూశాను. రెండు పక్కలా నిటారైన రాతిగోడలు. మధ్యలో ఎండిపోయిన ఏరు, పది లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. గులకరాళ్ల మీద మా బండి దర్జాగా పోతోంది. అచ్చుకాగితం తీసి అదే చోటు వెతికాను. పటంలో తెల్లగా ఉన్నచోట కాగితంలో అంకె ఉంది. పక్కనున్న కొండ ఎత్తు ఎంతో ఆ అంకె అంతే. లండన్‌లో ఎవరో గుమాస్తా ఖాళీ ఉంచడం ఇష్టం లేక, పక్కదాన్నే మళ్లీ వేసేశాడు. కంప్యూటర్ లెక్క ప్రకారం మేమప్పుడు రెండు వేల అడుగుల రాతి లోపల ప్రయాణం చేస్తున్నాం.

ఎదురుగా నేల చదునుచేసే రోడ్డు కంపెనీ గ్రేడర్లు కనిపించాయి. క్యాంపు కొండల ఇవతలే ఉంది. మనుషులూ లారీలూ మాత్రం కనుమలో సగం పైకి వచ్చేశారు. రోడ్డు వేసేవాళ్లు వేసుకుంటూ ముందుకే పోతారు కదా. ఇది తెలియడానికి కంప్యూటర్ అక్కర్లేదు. అయినా ఫ్రీక్వెన్సీ కోసం పెట్టుకున్న ఫారంలో క్యాంపు ఎక్కడని రాశారో కాగితంలో వాళ్లు అక్కడే పాతుకుపోయి ఉన్నారు.

ఫ్యాను కింద కూర్చుని నేను రాసిన ఉత్తరం అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే నిజం ఒప్పుకున్నానని రాసుకుంటే బాగుంటుంది గాని, లేదు. ఏదో సాకు ఉండే ఉంటుందని దారి పొడుగునా వెతుక్కున్నాను.

ఇబ్రా

ఆరోగ్యకేంద్రం అంటే సున్నం వేసిన నాలుగు గదులు, ఒక వరండా. మీటరు దింపుతూ బరువుకి "అబ్బ, చచ్చాన్రా దేవుడా" అన్నాను. వరండాలోంచి తెల్లచీర నర్సొకావిడ గబగబా వచ్చింది.

"మీరు తెలుగువారాండీ? ఎన్నాళ్లయిందండీ ఆ మాట విని!"

పేరు సుగుణమణి. ఊరు బాపట్ల దగ్గర. మిషను ఆస్పత్రిలో చదువుకుని, మూడేళ్ల కిందట వచ్చింది. చెల్లెల్ని గుంటూరులో నర్సింగు చదివిస్తోంది. పెద్దపెద్ద గొప్పలేమీ చెప్పలేదు. రువీలో నేను కలిసిన తెలుగువాళ్లందరూ మొదటి ఐదు నిమిషాల్లో గడియారం చూపించారు. ఈమె మొదటి ఐదు నిమిషాల్లో అన్నం వండింది.

చింతపండు దొరకదని ఎండబెట్టిన నల్ల నిమ్మకాయలు వేసి పప్పు చేసింది. ఆ ఊళ్లో అవి బస్తాల్లో అమ్ముతారు. మొదటి ముద్దకి మందులా అనిపించింది. మూడో ముద్దకి గోంగూరను మరిచిపోయాను. నా మాగాయ తీసిచ్చాను. జాడీ వంక కాసేపు చూసి, నాకే ముందు వడ్డించింది.

తింటుండగా చెప్పింది. రెండు నెలల కిందట, ఇసుకదిబ్బల అంచునున్న ఒక పల్లెలో ఒకామెకు కాన్పు కష్టమైంది. అక్కడి డిస్పెన్సరీ అతను సెట్టులో పిలిచాడు. సాయంత్రం.

"నాకు వినబడిందేమిటో తెలుసాండీ? ముప్పై ఎనిమిది లారీలు కంకర, ముప్పై తొమ్మిది లారీలు కంకర. మధ్యమధ్యలో మావాడి గొంతు. ఊరి పేరు తెలియలేదు. నేను అరుస్తూనే ఉన్నాను, ఒక్క నిమిషం ఆగండి, ఆగండని. ఇంగ్లిషులో, హిందీలో, వచ్చీరాని అరబ్బీలో. ముక్కాలు గంట పట్టింది ఏ ఊరో తెలుసుకునేసరికి. బండి పంపాను. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు."

నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను.

"అప్పుడే ఫిర్యాదు రాశానండీ. ఇంకోసారి రాశాను. మూడోదానికి జవాబొచ్చింది. అది చూసి మా డాక్టరు గారు, తప్పు సెట్టుది కాదట, నీదేనట అన్నారు. ఆయనేం చేస్తారు, పై ఆఫీసు రాసింది కదా. ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. మళ్లీ ఇవ్వరట."

లేచి వెళ్లి ఉత్తరం తెచ్చి కంచం పక్కన పెట్టింది. నాకు చదవక్కర్లేదు. కింద నా సంతకం, నిబ్బరంగా, తోక తిప్పి.

"ఇది రాసింది నేనేనమ్మా" అన్నాను.

ఆవిడ గరిటెతో ఇంకాస్త పప్పు వేసింది. నాకు గిన్నె ఊపడం చేతకాలేదు.

"ఇక్కడికి రాకుండానే ఎలా రాశారండీ?" అంది చివరికి.

"కాగితం చూసి."

"ఆ కాగితం ఉందా?"

తెచ్చి చూపించాను. చిల్లుల అంచుల కాగితం మడతలు విప్పి, కొండ ఉందన్న అంకె మీద వేలు పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"మేం జీతాల రోజున మస్కట్ వెళ్లేది ఈ దారేనండీ" అంది. "కొండెక్కినట్టు ఎప్పుడూ అనిపించలేదు."

అసర్ నమాజు అయింది. మీటరు సెట్టు పక్కన పెట్టి ఏరియల్ తగిలించాను. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత సూది లేచి, అటు చివరికి కొట్టుకుని అక్కడే నిలబడిపోయింది. గొంతులు హిందీలో. కంకర లెక్క. ఒకడి బండికి పంక్చరు. ఇంకొకడు ఊరి నుంచి వచ్చిన భార్య ఉత్తరం సెట్టులోనే చదివి వినిపిస్తుంటే మిగతావాళ్లు ఈలలు. అంతరాయం సున్నా అని అచ్చువేసిన చోట, ఒకాయన సంసారమంతా వినిపించింది.

"మీ దగ్గర టేప్ రికార్డర్ ఉందా?" అన్నాను.

ఉంది. క్యాసెట్టు ఒకటే ఉంది, అందులో క్రిస్మస్ కీర్తనలు. రెండో వైపు పెట్టి తనే మీట నొక్కింది. మధ్యలో డిస్పెన్సరీ అతను పిలిచాడు. జ్వరం బిళ్లలు కావాలట. ఆ ఒక్క మాట అందడానికి ఆవిడ పదకొండుసార్లు అడిగింది. నేను లెక్కపెట్టాను. ఆవిడకు శిక్షణ కావాలని రాసినవాణ్ణి కదా.

కనుమ

మర్నాడు పొద్దున్నే ఖాజాతో వెనక్కి బయల్దేరి, కనుమలో మైలు మైలుకీ ఆగి కొలిచాను. మాటలు ఆ ఎండిన ఏట్లో మా బండిలాగే దర్జాగా నడిచి వెళ్తున్నాయి. పది గంటలకు రోడ్డు కంపెనీ గుడారం చేరాం.

ఫోర్‌మన్ ఒక సర్దార్జీ, యాభై దాటిన మనిషి. నేనెవరో చెప్పగానే పరాఠాలు, చిక్కటి చాయ్ తెప్పించి, అరుపులు మొదలెట్టాడు. హిందీలో తిట్టాడు. చాలా బాగా తిట్టాడు.

"మూడు నెలల్నుంచి రాస్తున్నాను, మా సెట్టులో ఎవరో దూరుతున్నారని! మీ ఆఫీసు ఏం రాసిందో చూస్తావా?"

పెట్టెలోంచి కాగితం తీశాడు. చూడక్కర్లేదని చెప్పినా వినలేదు. మధ్యలో కొండలు ఉన్నందున అసాధ్యం, ఆపరేటరుకు శిక్షణ అవసరం. అదే తోక తిప్పిన సంతకం. ఒకే మాటతో ఇద్దరినీ అబద్ధాలకోర్లను చేశాను. వాళ్లిద్దరూ ఒకరి గొంతు ఒకరు వింటూనే ఉన్నారు.

"మీకు వినిపించేది ఎవరి గొంతు?" అన్నాను.

"ఎవరో ఆడమనిషి. రోజూ ఉండదు. ఒకసారి మాత్రం విపరీతంగా అరిచింది. మాటలు తెలియలేదు. ఎవరో మేడం నౌకర్ని తిడుతోందనుకున్నాం. మావాళ్లు నవ్వుకున్నారు. చెవులు నొప్పెడుతున్నాయని నేనే సౌండు తగ్గించాను."

అది ఏ రోజో, ఆవిడ ఎందుకు అరిచిందో చెప్పాను.

సర్దార్జీ చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తలపాగా సర్దుకున్నాడు. మళ్లీ సర్దుకున్నాడు. "ముప్పై తొమ్మిది లారీలు" అన్నాడు నెమ్మదిగా. "ఆ లెక్క చదివింది నేనే."

 ఖాజా బయటికి వెళ్లి బండి బానెట్ ఎత్తి, పాడవని ఇంజనుని చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత సర్దార్జీ సెట్టు దగ్గరికి వెళ్లి లారీలన్నిటినీ పిలిచాడు. ఈ రోజు నుంచి మూడు గంటల తర్వాత సెట్టులో ఎవడూ నోరు విప్పకూడదు, కంకర లెక్క చీటీ మీద రాసి పంపండి, కారణం రాత్రి భోజనాల దగ్గర చెప్తాను అన్నాడు. ఎవరినీ అనుమతి అడగలేదు. దానికి పట్టింది ఒక నిమిషం. మా ఆఫీసు మూడు నెలల్లో చెయ్యలేని పని.

మళ్లీ రువీ

కాలిన్ ఆ ఆరు చోట్ల కొలతలు గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి చూశాడు. ఇబ్రాకు ముందే కొలిచిన ఐదు చోట్ల చుక్కలు గీత మీదే పడ్డాయి. ఇబ్రా చుక్క కాగితం దాటి బల్ల మీద పడేంత దూరంలో ఉంది.

"ఈ ఒక్కటి తీసేద్దాం. పక్కకు పడిన చుక్క" అన్నాడు.

"ఆ చుక్క కింద ఒక ఆస్పత్రి ఉంది" అన్నాను.

క్యాసెట్టు పెట్టాను. వింటూ పెన్సిలు చెక్కుకున్నాడు. పటంలో తెల్ల మరక చూపించాను. కాసేపు తటపటాయించి, సమాచారం లేనిచోట అది సహేతుకమైన ఊహ అన్నాడు. సహేతుకమైన ఊహ! ఆ మాట వాళ్ల భాషలో ఎంత శుభ్రంగా ఉంటుందో. నా ఉత్తరం కూడా అంత శుభ్రంగానే ఉంది.

క్యాసెట్టు జేబులో వేసుకుని మంత్రిత్వశాఖకు నడిచి వెళ్లాను. అక్కడి అధికారి జాంజిబార్‌లో పుట్టి పెరిగి, ఈమధ్యే సొంత దేశానికి తిరిగొచ్చిన ఒమనీ. ఇంగ్లిషు మా అందరికంటే బాగా మాట్లాడతాడు. కాఫీ పోయించి, మొత్తం విన్నాడు. సుగుణమణి పదకొండుసార్లు అడగడం దాకా వచ్చాక ఆపి, "ఆ తల్లి ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. మా ఆఫీసులో ఎవరూ అడగని ప్రశ్న. నాతో సహా.

"బాగానే ఉందట" అన్నాను. అదీ నేను అడిగి తెలుసుకున్నది కాదు, ఆవిడే చెప్పింది.

రోడ్డు కంపెనీకి వేరే ఫ్రీక్వెన్సీ ఇవ్వమని అక్కడికక్కడే రాశాడు. అయితే ఆ సెట్లలో ఫ్రీక్వెన్సీ మార్చాలంటే లోపలి క్రిస్టల్స్ మార్చాలి. అవి విదేశం నుంచి రావాలి. వారాలు పడుతుంది.

ఈలోగా లండన్‌లో కనుమ ఎత్తు సరిచేసి, లారీలను ఉన్నచోట ఉంచి, లెక్క మళ్లీ కట్టించారు. కొత్త కాగితం విమానంలో వచ్చింది. ఇబ్రాలో లారీల మాటలు ఎంత గట్టిగా వినిపిస్తాయో నా మీటరు చూపించిన అంకెకు వెంట్రుకవాసి తేడాతో చెప్పింది. యంత్రం పాపం, అడిగినదానికి నిజమే చెప్పింది. కాలిన్ తన రిపోర్టులో, క్షేత్రంలో తీసిన కొలతలు కంప్యూటర్ ఫలితాలను ధ్రువపరిచాయని రాసి, ఉదాహరణగా ఇబ్రాను చూపించాడు. నా పని త్వరగా పూర్తయినందుకు అభినందించి, ఆ శనివారానికి విమానం టిక్కెట్టు చేతిలో పెట్టాడు.

బావమరిదికి జవాబు ఇదే.

ఇబ్రా, రెండోసారి

టిక్కెట్టుకు ఇంకా మూడు రోజులున్నాయి. కంపెనీ బండి ఇవ్వనన్నది. ఖాజా తన సెలవు రోజున ఎవరి దగ్గరో పికప్పు అడిగి తెచ్చాడు.

"పెట్రోలుకి నేనిస్తాను" అన్నాను.

"నువ్వు ఆ కాగితం ఇచ్చేసిరా సార్, ముందు" అన్నాడు. ఏకవచనం ఎప్పుడు మొదలైందో గమనించలేదు. బాగానే ఉంది.

ఇబ్రా డాక్టరుకు ఇవ్వాల్సిన ఆ కాగితం నేను నాలుగుసార్లు రాసి చించాను. మొదటిసారి రాసినదాంట్లో 'పొరపాటు జరిగింది' అని ఉంది. ఎవరు చేస్తే జరిగిందో లేదు. ఐదోసారి తిన్నగా రాశాను. ఫలానా ఉత్తరం రాసింది నేను, ఇబ్రా చూడకుండా రాశాను, అందులో ఉన్నది తప్పు, నర్సు చెప్పింది ప్రతి అక్షరం నిజం, సెట్టు ఆవిడ సరిగ్గానే వాడింది, శిక్షణ అవసరమైంది నాకు. కంపెనీ పేరు పెట్టలేదు. నా పేరు పెట్టాను.

డాక్టరు గారు రెండుసార్లు చదివారు. "నాకు ఇలాంటి ఉత్తరం ఎప్పుడూ రాలేదు" అన్నారు. గుమాస్తాను పిలిచి సుగుణమణి కాంట్రాక్టు కాగితాలు తెప్పించారు. నేను బయటికొచ్చి వరండాలో కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ వచ్చింది. ముఖంలో సంతోషం వెతికాను. అలసట కనిపించింది.

"ఇంకో రెండేళ్లు రాశారండీ."

"ఆ మొదటి ఉత్తరం చింపేయించారా?"

"లేదండీ. కింద ఉంచమన్నాను. పైన మీ రెండోది పెట్టించాను."

"అది ఎందుకింక?"

"అది లేకపోతే రేపు ఫైలు తీసినవాళ్లకు ఇది ఎందుకు రాశారో ఎలా తెలుస్తుందండీ?" అంది. గొంతులో కోపం లేదు. క్షమించానన్న మాట కూడా లేదు. నేనూ అడగలేదు.

అసర్ అజాన్ అయింది. ఆవిడ లోపలికెళ్లి సెట్టు ముందు కూర్చుంది. గుమ్మం దగ్గర నిలబడ్డాను. క్రిస్టల్స్ ఇంకా రాలేదు. కనుమలో లారీలు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి, వచ్చేటప్పుడు దుమ్ములో వాటిని దాటుకునే వచ్చాం.

పల్లె డిస్పెన్సరీ అతను పిలిచాడు. దూది అయిపోయిందన్నాడు. రేపు బండిలో పంపుతానంది. ఆయింటుమెంటు కూడా అన్నాడు. సరేనంది. ఇంకేమైనా ఉందా అని అడిగింది. అతను ఆలోచించుకుంటున్నాడు కాబోలు, కాసేపు ఏమీ పలకలేదు. సెట్టులోంచి సన్నటి హోరు తప్ప ఏమీ లేదు. ఆవిడ తొందరపెట్టకుండా, మీట మీద వేలు ఉంచి, వింటూ కూర్చుంది.